మేకుకు వేలాడిన సొట్ట గిలాస

రేకుల షెడ్డు లోపల నీళ్ల రంజను, రంజను మీద చెక్క మూత, మూత మీద బోర్లించిన స్టీలు గిలాసలు. హమాలీ జట్టుల ఎవనికి దూపైనా లోపలికి పోయి ముంచుకొని తాగుతడు. ఇంకో గిలాస మాత్రం షెడ్డు బయట, తలుపు చెక్కకు కొట్టిన మేకుకు వేలాడుతుండె. దానికి ఒక పక్క సొట్ట. అంచుకు బొక్క కొట్టి సుతిలి కట్టిండ్రు. అది మొగిలిది. మొగిలి లోపలికి రావద్దు, రంజనుల చెయ్యి పెట్టద్దు. ఎవరికన్న దయ పుట్టి బయటికొచ్చి పోస్తే ఆ గిలాసల పట్టుకొని తాగాలె. పుట్టకపోతే ఎండిన నోటితోని అట్లనే కూసోవాలె.

ఆ జట్టుల అన్ని కులాలోళ్లు ఉన్నరు. అందరి మూతులు ఆ లోపలి గిలాసలకే. మేము ఎంగిలి పట్టించుకోము, మాది కష్టజీవుల జట్టు అని రొమ్ము చరుచుకుంటరు. వాళ్లల్ల సగం మంది తాతలు హోటలు బయట వేరే గిలాసల చాయ తాగి, తామే కడిగి బోర్లించి వచ్చినోళ్లు. ఆ అవమానం మీద పాటలు కట్టి పాడుకున్నోళ్లు. అసొంటోళ్ల మనుమలే ఓ మేకు కొట్టి, ఓ గిలాస వేలాడదీసిండ్రు. ఎందుకంటే మొగిలికి పిచ్చి. పిచ్చి ఒక మూతి నుంచి ఇంకో మూతికి పాకుతదని వాళ్లకు ఏ డాక్టరు చెప్పిండో.

మొగిలి అక్క వీరమ్మ అదే మార్కెట్ యార్డుల చాట కూలి. కాంటా కాడ ఒలికిన వడ్లు, మక్కలు ఊడ్చి, చాటతోని చెరిగి కుప్ప చేసే పని. ఆమె ఊడ్చే జాగ నుంచి ఆ మేకు కనబడుతది. తమ్ముడు గోడకానుకొని ఆ గిలాస దిక్కు చూస్తుంటె ఆమె కండ్లారా చూసింది. ఒక్క మాట అనలె. నోరు లేక కాదు. జట్టుల మొగిలి పేరు ఇంకా ఉన్నది. లైసెన్సు ఉన్నది. బస్తా ఎత్తకున్నా పేరు కొట్టెయ్యలేదు. నోరు తెరిస్తే పేరు తీసేస్తరు. పేరు తీసేస్తే తమ్ముడు రేపు పొద్దున లేచి ఎటు పోవాలె? మనిషికి పొద్దున లేచి పోను ఒక జాగ అంటూ ఉండాలె గద. ఆ జాగ కోసం వీరమ్మ ఆ గిలాసను దిగమింగింది.

వాళ్లది మానుకోట దిక్కు పల్లె. తల్లి సాలమ్మ నాట్లేసి, కలుపు తీసి ఇద్దరినీ సాకింది. వీరమ్మ పెనిమిటి నగేష్‌ది భూపాలపల్లి కాడ బొగ్గు పనిల కాంట్రాక్టు కూలి, పండుగకో పబ్బానికో వచ్చి పోతుండె. తల్లి పోయినంక మొగిలి అక్క ఇంట్లనే ఉన్నడు. మీసాలు సరిగ మొలవకముందే యార్డుల బస్తా ఎత్తిండు. ఇప్పుడు గోడకు అతికిన బొమ్మ లెక్క కూసున్నడు గని, అప్పుడు జట్టుకు గొంతంటే మొగిలిదే. బస్తా లేపేటప్పుడు ఒకడు పాట అందుకోవాలె, మిగతోళ్లు వంత పాడాలె, ఆ ఊపుల చెక్క ఎక్కి లారీల దించాలె. మొగిలి అందుకుంటే అడ్తి వ్యాపారులు సుత కాంటా ఆపి వినెటోళ్లు.

ఆ పాట తొమ్మిదో సంవత్సరం వానకాలంల ఆగింది. రెండువేల తొమ్మిది.

"పాట ఎందుకు ఆపినవ్ రా?" అని అడిగింది వీరమ్మ.

"ఊకె."

అంతే జవాబు. జట్టు అంత ఒక దగ్గర సద్దులు విప్పుకుంటే వాడు వేరే పోయి గోడ దిక్కు తిరిగి తినెటోడు. తెల్లార్లు మేల్కొని తెల్లారి పండుకునెటోడు. స్నానం మీద మనసు పోయింది. కాంటా ముల్లును చూస్తూ నిలబడితే వెనుక నుంచి తోసేదాక కదలకపోయేది. ఎవరో పిల్ల కాదన్నదట అన్నరు కొందరు. తాగుడు మొదలువెట్టిండన్నరు. ఒళ్లు బరువెక్కిందన్నరు. వీరమ్మ దిష్టి తీసి, మిరపకాయలు పొయ్యిల వేసింది. ఒక మనిషిని నిలబెట్టడానికి, పడగొట్టడానికి ఊరంత ఉంటది. ఇరవయ్యేండ్లు దాటిన పిలగాడు ఉన్నట్టుండి మూతి ముడుచుకుంటే, లోపల ఏదో మొదలైంది, ఒక్కసారి దవాఖానకు పోదమా అని అడిగేటందుకు ఒక్కడుండడు.

చలికాలం వచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఇస్తమన్నరు. రెండు వారాలకే మాట మార్చిండ్రు. రోడ్ల మీద టైర్లు కాలినయి, యార్డు బందయింది, చౌరస్తాల డేరాలు లేసినయి. మొగిలికి అప్పుడు మాట వచ్చింది. ఇగ ఆగలె.

"అక్కా, వేలం మైకుల నా పేరు పెట్టి చెప్తున్నరు."

"ఎవలురా?"

"ముగ్గురున్నరు. ఆంధ్ర నుంచి పంపిండ్రు. నేను బస్తా ఎత్తితే ‘ఎత్తిండు’ అంటరు. దించితే ‘దించిండు’ అంటరు. అండ్ల ఒక ఆడామె ఉన్నది. ఆమె ఊకె నవ్వుతది."

వీరమ్మకు భయమైంది. వేరే ఏ కాలమైనా ఇంకెవలో ఒకరు భయపడుతుండె. కాని ఆ చలికాలం చాయ హోటల్ల కూసున్న ప్రతోడూ ‘మన ఫోన్లు వింటున్నరన్నా’ అనేటోడే. ‘మన మధ్యల ఏజెంట్లున్నరు’ అనేటోడే. అండ్ల కొంత నిజం కూడ ఉండె. అందుకే మొగిలి మాటకు గిరాకి దొరికింది.

ఆ గిరాకిని పట్టుకున్నోడు కొండల్. అడ్తి వ్యాపారి, పోరాట కమిటీకి కన్వీనరు. ఏ ఉద్యమమైనా మొదటి రోజు కుర్చీ వేసుకొని కూసునేటోళ్లు కొందరుంటరు. కొండల్ కుర్చీతో పాటు మైకు కూడ తెచ్చుకున్నడు. "గీ పోరడు నిప్పురా!" అని మొగిలిని వేదిక ఎక్కించిండు. మొగిలి ఆగకుండ మాట్లాడిండు. వైర్ల గురించి, గోడల్ల ఉన్న చెవుల గురించి, తన పుర్రెల పెట్టిన మిషన్ గురించి. ఒక మాటకు ఇంకో మాటకు లంకె లేదు. జనం చప్పట్లు కొట్టిండ్రు. లంకె లేకుండ మాట్లాడింది ఆ వేదిక మీద మొగిలి ఒక్కడే అయితే వాళ్లు గుర్తుపడుదురేమో.

ఉద్యమాన్ని నేనేమీ అంటలేను. ఆ డేరా కింద కూసున్న జనం ఆకలి నిజం, కడుపుమంట నిజం, మన మాటను సిన్మాల్ల వెక్కిరిస్తుంటె పండ్లు కొరుక్కున్న అవమానం నిజం. ఆ నిజాల మీద కుర్చీ వేసుకొని కూసున్నోళ్ల గురించే నా మాట.

ఓ పొద్దు వీరమ్మ అన్నం పెడితే మొగిలి పళ్లెం జరిపిండు.

"అన్నంల మందు కలుపుతున్నరక్కా."

"నేనే వండిన గద బిడ్డా."

"నువ్వే అని నాకెట్ల తెలుస్తది?"

ఆ మాటతోని వీరమ్మ పొయ్యి ముందటనే కూలబడింది. సాలమ్మ కొంగు పట్టుకొని పెరిగిన తమ్ముడు, ఆమె మొఖంల అక్క కోసం వెతుకుతున్నడు.

మొగిలి లేచి డేరాకు పోయిండు. నలుగురిల ఉంటే మందు పెట్టలేరని వాని లెక్క. డేరాల రిలే నిరాహార దీక్ష నడుస్తుండె. పొద్దున దండ ఏసుకొని కూసుంటరు, సాయంత్రం దండ తీసి ఇంటికి పోయి తలకాయ కూర తింటరు. మొగిలి సాయంత్రం లేవలె. తెల్లారి లేవలె. ఏమిచ్చినా ముట్టలె. కొండల్ కండ్లు మెరిసినయి. "ఆమరణ దీక్ష!" అన్నడు. చీకటి పడేలోపల మొగిలి ఫోటో పెద్ద ఫ్లెక్సీ ఎక్కింది. పక్కన అంతకంటే పెద్దగ కొండల్ ఫోటో.

వీరమ్మ ఉరికింది. "కొండలన్నా, వాడు దీక్ష చేస్తలేడే. వానికి అన్నం అంటే భయమైతున్నది. తలకాయల ఏదో అయింది. దవాఖానకు తీస్కపోత, జర పంపు."

"చెల్లె, మెల్లగ మాట్లాడు. ప్రెస్సోళ్లున్నరు."

"ఉంటే ఏంది? పిలగాడు సస్తడు."

"సచ్చెటట్టయితే గ్లూకోజు పెట్టిస్తం. నీ తమ్ముడు ఇప్పుడు నీ ఒక్కదాని తమ్ముడు కాదు. మొత్తం యార్డుకు తమ్ముడు. పేరు ఖరాబ్ చెయ్యకు, పో."

మొత్తం యార్డుకు తమ్ముడట. ఆ తమ్మునికి తర్వాత యార్డు ఏ మర్యాద చేసిందో మేకును అడగాలె.

దీక్ష విరమింపజెయ్యడానికి జనగామ నుంచి ఒక పెద్దమనిషి కారుల దిగిండు. డప్పులు, కెమెరాలు. నిమ్మరసానికి గిలాస దొరకకపోతే జట్టు షెడ్డు నుంచి ఒకటి పట్టుకొచ్చిండ్రు. "వద్దన్నా, వాడు ఎవరి చేతి నుంచి తాగడు" అని వీరమ్మ మొత్తుకుంటె వాలంటీర్లు రెక్క పట్టి పక్కకు గుంజిండ్రు. పెద్దమనిషి కెమెరా దిక్కు నవ్వి, గిలాస మొగిలి మూతికి ఆనించిండు.

మొగిలి గిలాసల చూసిండు. తనను చంపేటందుకు కలిపిన మందు, ఇంతమంది నడుమ, చప్పట్ల నడుమ, మూతి కాడికి వచ్చింది. వాడు బలమంత పెట్టి విసిరికొట్టిండు. గిలాస పెద్దమనిషి నొసటికి తాకి, సిమెంటు దిమ్మెకు కొట్టుకొని సొట్టపోయింది.

ఆ తర్వాత జరిగింది కొట్టుడు. మొదటి తన్ను కొండల్‌ది. "ఆంధ్రోళ్ల ఏజెంటురా వీడు! ఎవడు పంపిండ్రా నిన్ను?" ఏజెంట్లు ఉన్నరు, నన్ను చంప వస్తున్నరు అని మొగిలి ఎన్ని దినాల సంది చెప్పిండో, ఆ కథలకే అందరు కలిసి దిగిండ్రు. వాడు చెప్పినప్పుడు అది పిచ్చి, వీళ్లు చెప్తే దేశభక్తి. దెబ్బలు ఆగినంక ఎవరో అన్నరు, "పిచ్చోడట." సాయంత్రానికి ఫ్లెక్సీ దిగింది. సొట్ట గిలాస తిరిగి షెడ్డుకు పోయింది.

నగేష్ భూపాలపల్లి నుంచి వచ్చిండు. చెడ్డోడు కాదు, తెలిసినకాడికి చెప్పిండు. "మా దిక్కు అడివి అంచుకు ఒక సామి ఉన్నడు. ఎసొంటి గాలైనా వదిలిస్తడట. బామ్మర్దిని తీస్కపోదం."

సామి కాడ కర్రలకు గొలుసులున్నయి. గొలుసులకు మనుషులున్నరు. మిరప పొగ పెట్టిండ్రు, వేప మండలతోని కొట్టిండ్రు. మొగిలికి జ్వరం వచ్చి అరుపు ఆగితే "గాలి పోయింది" అన్నడు సామి. జ్వరం తగ్గి అరుపు మళ్ల మొదలైతే "ఇంకోటి పట్టింది" అన్నడు. ఎటు చూసినా తప్పు కానోడు దేవుడన్న కావాలె, దొంగన్న కావాలె. అక్కడ దేవుని జాడైతే కనబడలె.

వీరమ్మ తమ్ముని గొలుసు పక్కనే చాప పరుచుకొని పండుకుంది. ఆమెను వెతుక్కుంట గట్టమ్మ వచ్చింది. గట్టమ్మ యార్డుల తోటి చాట కూలి, నోరు చాటకంటే వెడల్పు. గొలుసు చూసింది, సామిని చూసింది.

"ఏమ్మా వీరమ్మా, తమ్మున్ని తీస్కొచ్చినవా, బర్రెను తీస్కొచ్చినవా?"

"ఏం చేద్దునక్కా, ఎవలేం చెప్తే అది చేస్తున్న."

"నా చిన్నమ్మ బిడ్డకు గిట్లనే అయితే వరంగల్ పెద్ద దవాఖానల గోలీలిచ్చిండ్రు. గాలి లేదు, ధూళి లేదు. బీమారి. లే!"

"మొక్కు బాకి ఉన్నదమ్మా, తీరినంకనే పోవాలె" అని సామి అడ్డం వచ్చిండు. "నీ మొక్కు నువ్వే తీర్చుకో, గొలుసు ఖాళీగున్నది గద" అన్నది గట్టమ్మ.

వరంగల్ డాక్టరమ్మ మొగిలితో చాలాసేపు మాట్లాడింది. వీరమ్మను కూసోబెట్టుకొని జబ్బు పేరు చెప్పింది. స్కిజోఫ్రెనియా. ఆ పేరు వీరమ్మ నోటికి ఎన్నడూ పట్టలె. కాని డాక్టరమ్మ చెప్పిన సంగతి మాత్రం మనసులకు దిగింది.

"ఈ జబ్బు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండదమ్మా. పాట ఆపేసి, పక్కకు పోయి తిన్నాడన్నావే, అప్పుడే మొదలైంది. తర్వాత గొంతులు, అనుమానాలు వచ్చినయి. మందులతో ఆ గొంతులు తగ్గుతాయి. అందరూ బాగయ్యాడంటారు. చాలామందికి అప్పుడే ఇంకో దశ మొదలవుతుంది. మాట తగ్గుతుంది. మొఖంలో నవ్వు, ఏడుపు కనబడవు. స్నానం చెయ్యాలనిపించదు. పని చెయ్యాలని ఉన్నా మొదలుపెట్టలేడు. అది సోమరితనం కాదు. అరుపు ఎంత జబ్బో ఆ మౌనం కూడా అంత జబ్బు. దానికి మందు కంటే మనుషులు ఎక్కువ కావాలి. చిన్న పని, రోజూ ఒకే పని, తిట్టని మనుషులు."

తిట్టని మనుషులు ఏ మెడికల్ షాపుల దొరుకుతరో డాక్టరమ్మ చెప్పలె.

గోలీలు పనిచేసినయి. ఆడామె నవ్వు ముందు దూరం పోయింది, తర్వాత ఆగింది. మొగిలి అక్క వండిన అన్నం తిన్నడు. వీరమ్మ ఆ పూట పళ్లెం కడగకుండ చాలాసేపు ముందట పెట్టుకొని కూసున్నది.

రెండువేల పదకొండుల సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగినయి, రైళ్లు ఆగినయి. సమ్మె న్యాయమైందే. కాని మొగిలి గోలీలు అయిపోయినయి. కొండల్ జీపు జెండా కట్టుకొని వరంగల్‌కు పోయి వస్తుండె. వీరమ్మ చీటి పట్టుకొని జీపు ముందట నిలబడింది.

"కొండలన్నా, గీ గోలీలు తెచ్చి పెట్టుండ్రి."

"ఎవలికి, జనగామ పెద్దమనిషి నొసలు పలగ్గొట్టినోనికా? ఉద్యమం నడుస్తుంటె నీ గోలీల గోల ఏంది చెల్లె?"

సకల జనుల సమ్మెల ఒక్క జనుని గోలీకి జాగ లేకపాయె.

గొంతులు మళ్ల వచ్చినయి. కాని ఈసారి మొగిలి వేరే తీరుగ వచ్చిండు. ఇంట్ల బియ్యం చెరుగుతున్న అక్క పక్కన కూసొని మెల్లగ అడిగిండు.

"అక్కా, వాళ్లు మళ్ల వచ్చిండ్రు. కాని నిజమో కాదో తెలుస్తలేదు. ఇప్పుడు మైకుల నా పేరు చెప్పిండ్రా?"

యార్డు బందున్నది. మైకే లేదు.

"లేదు బిడ్డా."

"మరి నువ్వే అని..." అని ఆగిండు. చాలాసేపు అక్క మొఖం చూసిండు. "సరే. నువ్వు చెప్పినవ్ గద."

ఆ సమ్మె దినాలన్నీ అట్లనే గడిచినయి. వాడు అడుగుడు, ఆమె చెప్పుడు. పక్కింటి రేడియో లెక్క వినబడుతయి అన్నడు ఓ దినం, పాట నాది కాదు గని చెవుల పడుతది అన్నడు. బస్సులు తిరిగినంక మందులు మళ్ల మొదలైనయి, రేడియో సన్నగిల్లింది. తర్వాత ఎప్పుడో ఒకప్పుడు వినబడినా వాడు దాని మాట వినుడు మానేసిండు.

అంతటితోని డాక్టరమ్మ చెప్పిన మౌనం వచ్చి కూసున్నది. మొగిలి యార్డుకు వస్తడు, గోడకు ఆనుకుంటడు. పిలిస్తే చూస్తడు. నవ్వు లేదు, కోపం లేదు. తలకు నీళ్లు పోయాలన్నా వీరమ్మే బుజ్జగించాలె. చెక్క మీద సగం ఎక్కినంక ఎందుకు ఎక్కిండో మరిచి ఆగేటోడు. దాంతో బస్తా ఇచ్చుడు ఆపిండ్రు. గిలాసను మేకుకెక్కించింది అప్పుడే. ఒకనాడు నిమ్మరసం మోసిన ఆ సొట్ట గిలాసనే. వేరేది ఎందుకు ఖరాబ్ చేసుడు అని.

జట్టు తెలివి చూడుండ్రి. వాడు అరుస్తుంటె వీరుడు. కొడితే పిచ్చోడు. సప్పుడు లేకుండ కూసుంటె బద్దకపోడు. "అరుస్తలేడు, కొడ్తలేడు, బాగనే ఉన్నడు గద, పని ఎందుకు చెయ్యడు? తినమరిగిండు" అంటరు. బస్తా మాట వస్తే వాడు బాగయినోడు. నీళ్ల మాట వస్తే వాడు పిచ్చోడు. ఒకే నోటితోని, ఒకే పూట.

రెండువేల పద్నాలుగు జూన్‌ల రాష్ట్రం వచ్చింది. యార్డుల మామిడాకులు కట్టిండ్రు, మిఠాయిలు పంచిండ్రు. వీరమ్మ సుత సంబురపడ్డది. డేరా కింద ఆమె కూడ కూసున్నది, రోడ్డు మీద వంటావార్పుల ఆమె కూడ పొయ్యి ముట్టించింది. కొండల్‌కు ఉద్యమ వీరుల సన్మానం అనే ఆలోచన పుట్టింది. పాత ఫ్లెక్సీ ఫోటో ఎక్కడో దొరికింది. ఆమరణ దీక్ష చేసిన మొగిలికి ఒక శాలువ.

అదే వారం షెడ్డుల జట్టు కూసున్నది, మొగిలి పేరు తీసి కొండల్ అక్క కొడుకును ఎక్కించెటందుకు. కమిటీ పెద్దగ కొండల్ కూడ శాలువ సంకల పెట్టుకొని వచ్చి కూసున్నడు. ఒకే చేత్తోని సన్మానం, ఒకే చేత్తోని కొట్టివేత. ఆ చెయ్యికి సిగ్గు అనిపించలె.

ఇన్నేండ్లు నోరు కుట్టుకున్న వీరమ్మ చాట చేతుల ఉండంగనే షెడ్డు లోపలికి వచ్చింది. ఆడోళ్లు రాని జాగ అది. వెనుక గట్టమ్మ.

జట్టు మేస్త్రీ రాంజీ, తండాల పుట్టిన ముసలి హమాలీ, కండ్లెత్తిండు. "ఏంది చెల్లె?"

"రాంజన్నా, నీ నడుము విరిగిన సంవత్సరం జట్టు నీ పేరు తీసిందా?"

రాంజీ చెయ్యి తన నడుము మీదికి పోయింది. ఆ యార్డుల అందరికి తెలిసిన కట్టుబాటు ఒకటున్నది. బస్తా కింద ఎవని నడుమన్న పోతే, భుజమన్న జారితే, వాని చేతికి దబ్బనం ఇస్తరు. నీడకు కూసొని బస్తాల మూతులు సుతిలితోని కుట్టాలె. కూలిల సగం వాటా. పేరు పోదు. బాగైనంక మళ్ల బస్తా, కాకపోతే సచ్చేదాక దబ్బనం. రాంజీ ఆ సంవత్సరమంత దబ్బనం పట్టే బతికిండు.

"నా తమ్ముని నడుము కూడ విరిగింది" అన్నది వీరమ్మ. "మీకు కనబడని కాడ విరిగింది. దబ్బనం ఇయ్యిండ్రి."

జట్టుల నవ్వు లేసింది. "పిచ్చోని చేతికి దబ్బనమా?" అన్నడు కొండల్. "ఎవని కండ్లల్ల పొడిస్తే?"

"ఆనాడు మైకు ఇచ్చినవ్ గద పటేలా" అన్నది గట్టమ్మ. "మైకు కంటే దబ్బనం పదునా?"

ఇంకో నవ్వు లేసింది, ఈసారి వేరే దిక్కు. కొండల్ మొఖం మాడ్చుకొని శాలువ తీసిండు. "చెల్లె, మేము మీ తమ్మున్ని మరువలేదు. సన్మానం చేస్తున్నం. అది చాలదా?"

"నా తమ్ముడు దీక్ష చెయ్యలె. వానికి అన్నమంటే భయముండె, నేను నీ కాళ్ల కాడికి వచ్చి చెప్పిన, నువ్వు ప్రెస్సోళ్లున్నరన్నవు. ఆ శాలువ మాది కాదు. దబ్బనం మాది."

రాంజీ లేచి దూలానికి గుచ్చిన దబ్బనం పీకి తెచ్చిండు. "జర చూద్దం. బయట లారీ నిండుతున్నది. అది కదిలేలోపల ఒక్క బస్తా మూతి కుట్టనీ. కుడితే పేరుంటది. కుట్టకపోతే నేనేం జెయ్యలేను చెల్లె, జట్టు మాట."

మొగిలి ముందట మక్కల బస్తా నిలబెట్టిండ్రు. దబ్బనం చేతుల పెట్టిండ్రు. వాడు దబ్బనాన్ని చూసిండు, బస్తాను చూసిండు. చెయ్యి లేవలె. అవుతల లారీల బస్తాలు ఎక్కుతనే ఉన్నయి. జట్టు చుట్టు నిలబడి వినోదం చూసింది. "అరే మొగిలీ, దారం మింగుతవారా?" అన్నడు ఒకడు. "దానికి కూడ మైకు కావాల్నేమో" అన్నడు ఇంకోడు. మొగిలి మొఖంల ఏమీ కదలలె. చెమట మాత్రం కారుతున్నది. చెయ్యొద్దని కాదు, మొదలు దొరుకుతలేదు. ఆ సంగతి అక్కడున్న అందర్ల ఒక్కామెకే తెలుసు.

వీరమ్మ చాట కింద పెట్టి తమ్ముని పక్కన కూసున్నది. కుట్టు అనలె, బతిమాలలె. దబ్బనం తీసుకొని మొదటి కుట్టు తానే వేసింది. రెండోది సగం గుచ్చి, దారం అట్లనే వదిలి, దబ్బనం తమ్ముని వేళ్లల్ల పెట్టింది. లేచిపోయి మళ్ల ఊడ్చుడు మొదలువెట్టింది. వెనక్కి తిరిగి చూడలె.

సగం గుచ్చిన కుట్టు మొగిలి ముందట ఉన్నది. కొంచెంసేపటికి వాని వేళ్లు దాన్ని గుంజినయి. ఇంకో కుట్టు. ఆగిండు. ఇంకోటి. లారీ డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి హారను కొడుతుంటె మొగిలి చివరి ముడి పండ్లతోని బిగించిండు. రాంజీ ఆ బస్తాను తన ముసలి వీపు మీద వేసుకొని చెక్క ఎక్కిండు. లారీల దించినప్పుడు మూతి విడలె.

"పేరుంటది" అన్నడు దిగి. "దబ్బనం వాటా."

కొండల్ శాలువ వేరే భుజం వెతుక్కుంట పోయింది. దొరకకపోదు, అసొంటి భుజాలు ఎప్పుడూ ఉంటయి.

మొగిలికి దూపైంది. అలవాటు ప్రకారం మేకు కాడికి పోయి నిలబడ్డడు. ఎవలూ కదలలె. పేరు ఇచ్చిండ్రు గని నీళ్లు ఇచ్చెటంత మనసు ఇంకా రాలేదు. వీరమ్మ మేకు నుంచి గిలాస తీసి, షెడ్డు లోపలికి పోయి, రంజనుల ముంచి తెచ్చి తమ్మునికి ఇచ్చింది. వాడు తాగినంక మిగిలింది తాను తాగింది, అందరు చూస్తుండంగ. తర్వాత సుతిలి తెంపి, సొట్ట గిలాసను లోపలి గిలాసల పక్కన బోర్లించింది.

తెల్లారి వచ్చేసరికి కొత్త సుతిలితోని అది మళ్ల మేకుకే ఉన్నది. ఎవలు కట్టిండ్రో ఎవలూ చెప్పలె. వీరమ్మ మళ్ల తెంపింది. మర్నాడు మళ్ల మేకుకు. వాళ్లు కడుతనే ఉన్నరు, ఆమె తెంపుతనే ఉన్నది. మొగిలి పక్కన కూసొని బస్తాల మూతులు కుడుతనే ఉన్నడు. అప్పుడప్పుడు, ఎన్నడో ఒక్కసారి, సన్నగ కూనిరాగం తీస్తడట. గట్టమ్మ విన్నదట. వీరమ్మకు ఇంకా దొరకలె.

ఇది చదివే మీకు ఒక మాట. మీ ఇంట్ల, మీ వాడల పాడే పిలగాడు పాట ఆపితే, కలిసి తినే పిల్ల గోడ దిక్కు తిరిగి తింటే, వాళ్లు అరిచేదాక ఆగకుండ్రి, దవాఖానకు పట్టుకపోండ్రి. అరుపు ఆగినోడు కదలకుండ కూసుంటె బద్దకం అనకుండ్రి. సగం కుట్టు వేసి వాని చేతికి ఇయ్యిండ్రి. మీ మార్కెట్ల, మిల్లుల, హోటల్ల, గుడి వంటశాలల ఎక్కడన్న బయట ఒక గిలాస వేరేగ వేలాడుతుంటె, అది ఎవరిదని అడుగుండ్రి. అడిగి తీసి లోపల పెట్టుండ్రి. పెట్టి ఇంటికి పోకుండ్రి, తెల్లారి మళ్ల వచ్చి చూడుండ్రి. వీరమ్మ ఒక్కతే ఎన్నాళ్లు తెంపుతది? ఆ మేకు పీకుండ్రి.